నాయనమ్మ గదికి నెట్టు

మా హాల్లో టీవీ పైన గోడకి ఒక తెల్ల డబ్బా ఉండేది. దానికి రెండు కొమ్ములు, నాలుగు పచ్చ లైట్లు. నాలుగేళ్ళపాటు దాని దుమ్ము తుడిచింది నేనే. బిగించిన రోజు కేబుల్ అబ్బాయి, "ఇది కంపెనీదండీ, కదపకండి, వెనక వైర్లు ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళాడు. నేనెంత బుద్ధిమంతురాలినంటే, మొన్న సంక్రాంతికి ఇంటికి రంగులేయించినప్పుడు కూడా దాన్ని తియ్యనివ్వలేదు. డబ్బా చుట్టూ రంగు వేసి వెళ్ళిపోయారు. ఇప్పుడా డబ్బా లేదు. అక్కడ గోడమీద జానెడు మేర పాత రంగు నలుచదరంగా మిగిలిపోయింది. వచ్చినవాళ్ళందరూ అదేంటని అడుగుతున్నారు. అదేంటో ఇవాళ మీకు చెబుతాను.

ముందు మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. మాది చింతలపూడి. నా పుట్టిల్లు నూజివీడు పక్కన. పెళ్ళయి వచ్చినప్పుడు "జిల్లా దాటి వచ్చిన కోడలు" అనేవారు నన్ను. నూజివీడు కృష్ణా జిల్లా, ఇది పశ్చిమగోదావరి. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చి రెండూ ఏలూరు జిల్లాలో కలిసేసరికి, "కాలు కదపకుండానే నిన్ను పుట్టింటికి తీసుకొచ్చేశాను చూడు" అని మా వారు జోకులేశారు. జిల్లా ఏదైనా రెండు చోట్లా మామిడి తోటలే లెండి. వేసవి వచ్చిందంటే ఎవరింట్లో చూసినా గడ్డిలో మగ్గే కాయల వాసనే.

ఇల్లు మా మామగారి నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. ముందు రెండు గదులు కొట్టేసి స్లాబు వేయించాం. వెనక వంటిల్లు, దాని పక్కన అత్తయ్యగారి గది మాత్రం పాతవే. ఆ గోడలు అడుగున్నర మందం మట్టిగోడలు. మే నెలలో కూడా ఆ గదిలో చల్లగా ఉంటుంది. ఏసీ అక్కర్లేదని అత్తయ్యగారు గొప్పగా చెబుతారు. చల్లదనం ఇచ్చిన ఆ గోడే మా కొంప ముంచిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా మరిది వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. వాళ్ళకో ఆరేళ్ళ పాప. వేసవిలో మనకి పొద్దున్న 7 అయితే వాళ్ళకి ముందు రోజు రాత్రి 8:30. చిన్నది పడుకునే ముందు నాయనమ్మతో మాట్లాడి పడుకోవడం అలవాటు. అత్తయ్యగారు అప్పటికే స్నానం, దీపం ముగించుకుని హాల్లో టీవీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చిన్నది బొమ్మలన్నీ తెచ్చి చూపించేది. ఈవిడ పెరట్లో కాసిన దొండకాయలు తెచ్చి చూపించేవారు. ఇంగ్లీషు ఈవిడకి రాదు, దానికి తెలుగు అంతంత మాత్రం. అయినా అరగంట ఎలా గడిచేదో తెలిసేది కాదు.

ఆ సంక్రాంతి అయిన వారానికి అత్తయ్యగారు పెరట్లో కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఏలూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఇంటికొచ్చాక మంచం దిగడం కష్టమైపోయింది. బాత్‌రూమ్ దగ్గరని వెనక గదిలోనే ఉంచాం. ఫోను నేనే పట్టుకెళ్ళి చేతికిచ్చేదాన్ని.

అక్కడ మొదలైంది తంటా. ఫోన్ కలిసేది. చిన్నదాని మొహం కనిపించేది. "నాయనమ్మా" అనేది. అంతే, బొమ్మ ఆగిపోయేది. సగం మూసిన కళ్ళతోనో, ముక్కు చిట్లించుకునో, ఎలా ఆగితే అలా ఉండిపోయేది. రెండు నిమిషాలకి కదిలి, మళ్ళీ ఆగేది. నేను వంటింట్లో పోపు మాడిపోతుంటే పరుగెత్తుకొచ్చి, కట్ చేసి, మళ్ళీ కలిపి, మళ్ళీ పరుగెత్తేదాన్ని. ఓ నెల తర్వాత అత్తయ్యగారు, "ఇవాళ ఫోను వద్దులేమ్మా" అనడం మొదలుపెట్టారు. నొప్పి వల్లనేమో అనుకున్నాను. ఒకరోజు కాళ్ళకి నూనె రాస్తుంటే మెల్లగా అన్నారు: "పిల్లకి విసుగొచ్చినట్టుంది. మొహం అదోలా పెట్టుకుని కూర్చుంటోంది. మంచంలో పడున్న ముసలిదానితో ఏం మాట్లాడుతుందిలే."

"అబ్బే, నెట్ అండీ, నెట్ ఆగిపోతోంది" అన్నాను. "ఆఁ" అన్నారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

సరిగ్గా అదే వారం నా తోడికోడలు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్యగారికి నిజంగా బాగానే ఉందా? చిన్నది రాత్రి ఏడ్చింది. నాయనమ్మ నాతో మాట్లాడట్లేదు, అలా చూస్తూ ఉండిపోతోంది, నామీద కోపమా అని అడుగుతోంది" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు గొంతు పట్టేసింది. ఇక్కడ ఈవిడ ఆ పిల్ల అలిగిందనుకుంటున్నారు. అక్కడ ఆ పిల్ల ఈవిడకి కోపమొచ్చిందనుకుంటోంది. మధ్యలో ఉన్నది ఒక మట్టిగోడ, ఒక డబ్బా.

కేబుల్ వాళ్ళకి ఫోన్ చేశాను. అబ్బాయి వచ్చాడు. హాల్లో డబ్బా కింద నిలబడి ఫోన్లో స్పీడ్ చూపించాడు. "48 వస్తోందండీ, మీది 50 ప్లాను, ఇంకేం కావాలండీ" అన్నాడు. వెనక గదికి రమ్మన్నాను. అక్కడ 2 వచ్చింది, మంచం దగ్గరికెళితే అదీ లేదు. "పెద్ద ప్లాన్‌కి మారండి, బాగుంటుంది" అన్నాడు. మారాం. నెలకి 200 ఎక్కువ. హాల్లో 95 వచ్చింది. అత్తయ్యగారి మంచం దగ్గర మళ్ళీ అదే 2. కుళాయిలో నీళ్ళు ఎంత జోరుగా వస్తే ఏం లాభం, పైపు పెరట్లోకి లేనప్పుడు?

"డబ్బా వెనక గదిలో పెట్టెయ్యి బాబూ" అన్నాను. "కుదరదండీ, వీధి కిటికీలోంచి ఫైబర్ ఇక్కడిదాకానే ఉందండీ. కంపెనీ డబ్బా అండీ, మేం ఎక్కడ పెడితే అక్కడే ఉండాలండీ" అన్నాడు. పాపం ఆ అబ్బాయి తప్పేం లేదు. వాడికి చెప్పిన మాట వాడు చెప్పాడు. కానీ ఆ రాత్రి బిల్లు తీసి చూస్తే, ప్లాను డబ్బులు కాక ఇంకో వరస కనబడింది. డబ్బా అద్దె 100, దాని మీద పన్ను 18. నెలకి 118. నాలుగేళ్ళంటే 48 నెలలు. లెక్క కట్టాను: 5,664 రూపాయలు. అంత అద్దె కట్టి, నాలుగేళ్ళు దుమ్ము తుడిచి, మా ఇంట్లో ఆ డబ్బాని మేం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చకూడదన్నమాట!

మర్నాడు మా మరిదితో అంటే, "వదినా, ఇక్కడ అందరూ సొంతంగా కొనుక్కుంటారు. అద్దెకంటే అదే మేలు" అన్నాడు. అమెరికాలో 2020 డిసెంబరు నుంచి, మనం కొనుక్కున్న మోడెం వాడుతుంటే కంపెనీ దానికి అద్దె వెయ్యకూడదని చట్టమే ఉందట. జర్మనీలో అయితే 2016 ఆగస్టు నుంచి, ఏ రూటర్ పెట్టుకోవాలో వాడుకునేవాళ్ళే ఎంచుకోవచ్చట. మన దగ్గర కూడా ఇది కొత్త సంగతేం కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ వాళ్ళు బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టిన కొత్తల్లో మా అన్నయ్య నూజివీడులో పెట్టించుకున్నాడు. మోడెం అద్దెకి తీసుకోవచ్చు, లేదా కొనుక్కోవచ్చు అని అప్పుడే అడిగారు. అన్నయ్య కొనుక్కున్నాడు. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది.

కొనేస్తానని మా వారికి చెప్పాను. "వాళ్ళిచ్చిన డబ్బా ఉండగా మన డబ్బులు పెట్టడమేంటి? రేపు పాడైతే ఎవరు చూస్తారు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే అది, తర్వాత నాకు బాగా తెలిసొచ్చింది. కానీ ఆ పూట, "నా ఆవకాయ డబ్బులతో కొంటున్నా" అనేశాను. ఏటా వేసవిలో తెలిసినవాళ్ళకి ఆవకాయ పెట్టి పంపుతాను. ఆ డబ్బులు బియ్యం డబ్బాలో కాదు, నా పేరున్న బ్యాంకు ఖాతాలోనే ఉంటాయి. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఇక నా తెలివితేటలు వినండి. ఫోన్లో "మోడెం రూటర్" అని కొట్టాను. నక్షత్రాలు ఎక్కువున్నది, ధర తక్కువున్నది చూసి 1,250కి పెట్టేశాను. మూడో రోజుకి వచ్చింది. విప్పి చూస్తే వెనక ఉన్నది పాత టెలిఫోన్ వైరు పట్టే బుల్లి కన్నం. మా ఫైబర్ వైరు మూతి దానిలో దూరదు. నేను కొన్నది అన్నయ్య కాలం నాటి టెలిఫోన్ లైను మోడెం. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. పేపరు కదులుతోంది మరి. వారంలో వెనక్కి పంపి డబ్బులు తెప్పించుకున్నాను.

ఆ దెబ్బకి బుద్ధొచ్చి, కొనేముందు తెలుసుకోవడం మొదలుపెట్టాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. ఫోన్లో గంటసేపు చెప్పింది. నాకర్థమైంది మన భాషలో చెబుతాను.

మనం వైఫై డబ్బా అనేదాంట్లో రెండు పనులున్నాయి. ఫైబర్ వైరులో వచ్చేది కరెంటు కాదు, కాంతి. వెంట్రుకంత సన్నటి గాజు తీగలో వెలుతురు వస్తుంది. దాన్ని మన ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యేలా మార్చేది ఒకటి. దాన్ని ఓఎన్‌యూ అంటారు, ఓఎన్‌టీ అని కూడా అంటారు. మనం పాత అలవాటుకొద్దీ మోడెం అంటున్నాం. అలా వచ్చినదాన్ని ఇంట్లో అందరికీ పంచేది రెండోది, అదే రూటర్. వండేది ఒకరు, వడ్డించేది ఒకరు అనుకోండి. చాలా ఇళ్ళలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, మన ఇళ్ళలో రెండు పనులూ మనమే చేసినట్టు.

వడ్డించేది, అంటే రూటర్, బజార్లో ఏది కొన్నా దాదాపు పనిచేస్తుంది. తంటా అంతా వండేదానితోనే. కంపెనీ వైపు ఉన్న యంత్రం ఏ రకమో మన ఓఎన్‌యూ ఆ రకానిదే కావాలి. జీపాన్ అని ఒకటి, ఈపాన్ అని ఒకటి. రెండూ అర్థమయ్యే ఎక్స్‌పాన్ రకం కూడా దొరుకుతుంది. ఒక్క ఫైబర్ తీగని చీల్చి వీధిలో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో ఇస్తారట. ఏ ఇల్లు ఏదో తెలియాలి కాబట్టి, మన డబ్బా సీరియల్ నంబరు వాళ్ళ యంత్రంలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఎంత ఖరీదైనది కొన్నా లైటు వెలుగుతుందంతే, నెట్ రాదు. ఫైబర్ చివర మూతి కూడా చూసుకోవాలి. నీలం రంగు వేరు, ఆకుపచ్చది వేరు. ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు.

ఇవన్నీ నా పద్దుల పుస్తకంలో రాసుకుని కేబుల్ ఆఫీసుకి వెళ్ళాను. మా వారు వస్తానన్నారు కానీ నేనే వద్దన్నాను. అక్కడ కూర్చున్నాయన మొదట నా మొహం కూడా చూడలేదు. "సొంత డబ్బా పెట్టుకుంటాను. మీది జీపానా, ఈపానా? సీరియల్ నంబరు ఎక్కిస్తారా? యూజర్ పేరు, పాస్‌వర్డు ఇస్తారా? అద్దె బిల్లులోంచి తీసేస్తారా? మా డిపాజిట్టు ఎప్పుడిస్తారు?" అని పుస్తకం చూసి వరసగా చదివాను. అప్పుడు తల ఎత్తాడు. "పాడైతే మాకు సంబంధం లేదండీ" అన్నాడు. "సరే" అన్నాను. "ఏ కంపెనీది పడితే అది పనిచెయ్యదండీ, మా దగ్గర పనిచేసే రకాలు రాసిస్తాను" అని మూడు పేర్లు రాసిచ్చాడు. ఆ చీటీ కోసం ముందే వెళ్ళుంటే ఆ మొదటి డబ్బా కొనేదాన్నే కాదు.

డిపాజిట్టు దగ్గర కాసేపు నసిగారు. రసీదు ఉందా అన్నారు. ఉంది. నాలుగేళ్ళ కిందటిది, దేవుడి గూట్లో పంచాంగంలో పెట్టి ఉంచాను. పాత డబ్బా, దాని అడాప్టర్ తిరిగిచ్చినట్టు నేనూ ఒక కాగితం రాయించుకున్నాను. అమ్మాయిలూ, రసీదులు దాచుకోండి. ఇంతకంటే గొప్ప సలహా నా దగ్గర లేదు.

కొన్న లెక్క ఇది. రెండు రకాల వైఫై వచ్చే ఓఎన్‌యూ 2,100. ఇంకో రూటర్ 1,450. 25 మీటర్ల లాన్ కేబుల్ 600. కరెంటు పోయినా నెట్ పోకుండా ఉండే బుల్లి యూపీఎస్ 1,300. మొత్తం 5,450. నాలుగేళ్ళు కట్టిన అద్దె కన్నా 214 తక్కువే.

రెండు డబ్బాలెందుకంటారా? అక్కడే మా మట్టిగోడ సంగతి వస్తుంది. వైఫైలో 2.4 అని ఒకటి, 5 అని ఒకటి ఉంటాయి. 2.4 కాస్త దూరం పోతుంది, గోడల్ని కొంతవరకు దాటుతుంది, కానీ నెమ్మది. పైగా పక్కింటి వాళ్ళందరిదీ అదే కాబట్టి రద్దీ. 5 వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. అడుగున్నర మట్టిగోడలు రెండు దాటాలంటే ఎంత ఖరీదైన డబ్బా అయినా చేతులెత్తేస్తుంది. మా అమ్మాయి, "అమ్మా, గోడతో పోట్లాడకు, వైరు లాగు" అంది. లాన్ వైరు 100 మీటర్లదాకా బాగానే పనిచేస్తుందట. మాకు 25 చాలు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, హాల్లోంచి వంటింటి దూలం వెంబడి మేకులు కొట్టించి, అత్తయ్యగారి గదిలోకి వైరు లాగించాను. గోడకి కన్నం వేస్తుంటే అత్తయ్యగారు మంచం మీంచి, "ఆ గోడ మీ తాతగారు కట్టించింది, మెల్లగా" అంటూనే ఉన్నారు. హాల్లో కిటికీ దగ్గర ఓఎన్‌యూ, అత్తయ్యగారి తలవైపు గూట్లో రెండో రూటర్. దాన్ని యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టాలని మా అమ్మాయి వీడియో కాల్లో చూపించింది. డబ్బాతో పాటు వచ్చిన పాస్‌వర్డులు రెండూ మార్చేయించింది. ఒకటి వైఫైది, రెండోది డబ్బా లోపలికి వెళ్ళేది. ఆ రెండోది చాలామంది మార్చరట. వీధి తలుపు గొళ్ళెం పెట్టి, పెరటి తలుపు తీసి ఉంచినట్టేనంది.

గదిలో పెట్టిన రూటర్‌కి పేరు అడిగింది. ఇంట్లో ఇప్పటిదాకా వైఫై పేరు ఏవో అంకెలు, అక్షరాలు. అత్తయ్యగారినే అడిగాను, ఏం పేరు పెట్టమంటారని. "దానికి కూడా పేరా?" అని నవ్వి, "మీ ఇష్టం" అన్నారు. "నాయనమ్మ గది" అని పెట్టాం.

మర్నాడు పొద్దున్న 7కి ఫోన్ కలిపి ఇచ్చాను. గుమ్మం దగ్గరే నిలబడ్డాను, ఆగిపోతే పరుగెత్తాలి కదా, అలవాటు. చిన్నది నోరు తెరిచి ఊడిన పన్ను చూపించింది. బొమ్మ ఆగలేదు. "ఎలక కన్నంలో వేశావా?" అని ఈవిడ అడిగారు. అది అర్థంకాక వాళ్ళమ్మని అడిగింది. వాళ్ళమ్మ ఇంగ్లీషులో చెబితే కిలకిలా నవ్వింది. ఆ తర్వాత, "నాయనమ్మా, నామీద కోపం పోయిందా?" అంది.

అత్తయ్యగారు నావైపు చూశారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే వచ్చేశాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక పిలిచి, "అలగలేదమ్మా అది" అన్నారు. నేను ముందునుంచీ చెబుతున్నదే కదా! అయినా "అవునండీ" అన్నాను.

ఇక్కడితో ఆపేస్తే అంతా బాగుందనుకుంటారు. ఆపను. మే రెండో వారంలో గాలివాన వచ్చింది. మా వైపు అది మామూలే, తోటల్లో కాయ రాలి గుండెలు పగిలేది అప్పుడే. ఉరుములు మొదలవగానే టీవీ ప్లగ్గు తీశాను, ఫ్రిజ్ తీశాను, ఈ డబ్బా సంగతి మర్చిపోయాను. పొద్దున్నే చూస్తే అడాప్టర్ మాడిపోయి ఉంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "మీ సొంత డబ్బా కదండీ" అన్నాడు. అవును, నాదే. 350 పెట్టి నేనే కొనుక్కున్నాను. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న వోల్టు, ఆంపియర్ అంకెలు ఫోటో తీసుకెళ్ళాను. మా వారు, "పాడైతే ఎవరు చూస్తారని ముందే అన్నాను" అనలేదు. ఏమీ అనకుండా దుకాణానికి బండి తీశారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అదో మెట్టు.

జూన్లో మామిడి లోడు లారీ ఒకటి మా వీధిలోంచి పోతూ, స్తంభానికీ స్తంభానికీ మధ్య వేలాడుతున్న కేబుల్ తెంపేసింది. మన రాష్ట్రంలో ఫైబర్ చాలావరకు ఇలా కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్ళలోకి వచ్చింది కదా. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149కే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. స్తంభాలెక్కి వైర్లు లాగడం మా పిల్లలు వింతగా చూశారు. ఆ లారీ రోజున మాత్రం నేను కంగారుపడలేదు. డబ్బా మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతోంది. అది ఎర్రగా ఉంటే కాంతే రావట్లేదని అర్థం. మనం ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, బయట అతకాల్సిందే. ఆ మాటే ఫోన్లో చెప్పాను. "అక్కడెవరైనా టెక్నీషియన్ ఉన్నారాండీ?" అని అడిగాడు అబ్బాయి. సాయంత్రానికి అతికారు.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే నా మాట ఒకటి వినండి. ముందు డబ్బులు పెట్టకండి. ఇప్పుడున్న డబ్బా దగ్గర నిలబడి ఒకసారి, మీకు అవసరమైన గదిలో ఒకసారి స్పీడ్ చూడండి. రెండు చోట్లా తక్కువుంటే తప్పు లైనుదో ప్లానుదో. డబ్బా దగ్గర బాగుండి గదిలో లేకపోతే ఆ డబ్బాకే లాన్ వైరు తగిలించి, గదిలో ఒక రూటర్ పెట్టుకుంటే సరిపోవచ్చు. మాకు పాత డబ్బాకి ఉన్న ఒక్క కన్నం టీవీ బాక్సుకి పోయింది, పైగా అద్దె, అందుకని మొత్తం మార్చాను. అన్నిళ్ళకీ అంత అక్కర్లేదు. కొనేట్టయితే మాత్రం ముందు కంపెనీ వాళ్ళని అడిగి, వాళ్ళ దగ్గర పనిచేసే రకం రాయించుకుని, అప్పుడు కొనండి. ఫైబర్ వైరుని మడత పెట్టకండి, లోపల ఉన్నది గాజు. విరిగితే టేపు వేస్తే అతకదు.

దసరాకి అత్తయ్యగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆయుధపూజ రోజు కత్తిపీటకీ, మిక్సీకీ, మా వారి బండికీ బొట్లు పెట్టాక, "ఆ గూట్లో దానికి కూడా పెట్టమ్మా" అన్నారు. గాలి ఆడే కన్నాల్లో కుంకం పడకుండా ఒక మూల చిన్న బొట్టు పెట్టాను. పలకరించడానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారు, "అదేంటి, మందుల డబ్బాకి బొట్టా?" అని అడిగారు.

"కాదు, నెట్టు డబ్బా. మా కోడలు కొంది, దాని ఆవకాయ డబ్బులతో" అన్నారు అత్తయ్యగారు.

హాల్లో గోడ మీద ఆ పాత రంగు చతురం ఇంకా అలాగే ఉంది. రంగు డబ్బా తెప్పించి పూయించమని మా వారు అంటూనే ఉన్నారు. వచ్చే సంక్రాంతికి చూద్దాం. మీ ఇంట్లో డబ్బా ఎక్కడుంది? ఏ గదికి అందట్లేదు? ఒకసారి ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడండి.